క్లచ్ బ్యాటర్ నిజంగా ఉంటాడా? ‘కొట్టాడు’కీ ‘కొడతాడు’కీ మధ్య దూరం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బోస్టన్ వచ్చి రెండేళ్లయింది, ఆఫీసు వాళ్లతో కలిసి బేస్‌బాల్ చూడడం అలవాటైంది. అక్కడి రెడ్ సాక్స్ జట్టుకి ఆడిన డేవిడ్ ఓర్టిజ్ లాంటి వాళ్లు ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా బాగా ఆడతారని, దాన్నే ‘క్లచ్’ అంటారని మీ టీమ్‌లో ఒకాయన అంటున్నారు. లెక్కలు చూసే ఇంకొకాయన మాత్రం అదంతా మన భ్రమ, అలాంటి గుణమే లేదంటున్నారు. చిన్నప్పటి నుంచి క్రికెట్ చూసిన, ధోనీని నమ్మిన మీకు రెండో మాట మింగుడుపడడం లేదు. ఇద్దరిలో ఎవరిది నిజం?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. క్లచ్ సందర్భాలు నిజం. ఆ సందర్భాల్లో పడిన దెబ్బలు నిజం. కానీ ఒత్తిడి వచ్చినప్పుడే బయటికొచ్చే ప్రత్యేక శక్తి ఫలానా బ్యాటర్‌లో ఉందనడానికి, మేజర్ లీగ్ (అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి బేస్‌బాల్ లీగ్) స్థాయిలో, ఆధారం చాలా తక్కువ. పూర్తిగా సున్నా అని కూడా అనను. ఉన్నది ఎంత చిన్నదంటే, దాన్ని నమ్ముకుని రేపు ఎవరిని బ్యాటింగ్‌కి దించాలో తేల్చుకోలేం.

‘మొన్న కొట్టాడు’ అంటే ఎవరూ కాదనలేరు. ‘ఇలాంటప్పుడు వీడు కొడతాడు’ అన్న దగ్గరే గొడవంతా. తెలుగులో ‘కొడతాడు’ అంటే అలవాటూ అవుతుంది, జోస్యమూ అవుతుంది. మీ ఆఫీసులో వాదన కూడా అక్కడే చిక్కుపడింది. ఒకరు జరిగినదాని గురించి మాట్లాడుతున్నారు, ఇంకొకరు జరగబోయేదాని గురించి.

నేను పాతికేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. ఉద్యోగం గణాంకాలతోనే. పదేళ్లు మా ఊరి పిల్లల లీగుకి స్కోర్‌బుక్ రాశాను. యాంకీస్ అభిమానిని, కాబట్టి ఓర్టిజ్ మీద నాకు ప్రేమ ఉండాల్సిన పని లేదు. కానీ ఆయన దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే క్లచ్ అనగానే అందరి నోటా ముందు వచ్చే పేరు ఆయనదే.

2004లో అమెరికన్ లీగ్ ఫైనల్, అంటే మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకదాని ఫైనల్, ఏడు మ్యాచ్‌ల సిరీస్. యాంకీస్ 3–0 ఆధిక్యంలో ఉన్నారు, ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే వరల్డ్ సిరీస్, ఆ రెండు లీగుల విజేతల మధ్య తుది పోరు. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆట, నాలుగో మ్యాచ్ మాత్రం 12వ ఇన్నింగ్స్ దాకా వెళ్లింది. అర్ధరాత్రి దాటింది, మా ఫ్లాట్‌లో నలుగురు రూమ్మేట్లలో ముగ్గురు నిద్రపోయారు. యాంకీస్ పిచర్ (బంతి వేసేవాడు) పాల్ క్వాంట్రిల్ వేసిన బంతిని ఓర్టిజ్ కుడివైపు గోడ అవతలికి కొట్టాడు. మ్యాచ్ అయిపోయింది. అదే తేదీ సాయంత్రం ఐదో మ్యాచ్ మొదలై 14వ ఇన్నింగ్స్ దాకా సాగింది. మళ్లీ ఓర్టిజే. ఈసారి ఎస్తెబాన్ లోయైజా బౌలింగ్‌లో ఎనిమిదో, తొమ్మిదో ఫౌల్ కొట్టాడనిపించింది, ఎన్నో లెక్కపెట్టలేకపోయాను. చివరికి బంతి బ్యాట్‌కి సగం సగం తగిలి సెంటర్ ఫీల్డ్‌లో పడింది, జానీ డేమన్ పరిగెత్తి రన్ చేశాడు. రెండు విజయాలూ అక్టోబరు 18నే పడ్డాయి. ఆ రోజు నన్ను ఎవరైనా ‘క్లచ్ ఉందా?’ అని అడిగితే, ఆ ప్రశ్నే అనవసరం అనేవాణ్ణి. ఆ మరుసటి ఏడాది రెడ్ సాక్స్ వాళ్లు ఆయనకి ‘మా జట్టు చరిత్రలోనే గొప్ప క్లచ్ హిట్టర్’ అని రాసి ఫలకం కూడా ఇచ్చారు.

ఇప్పుడు ఆయన మొత్తం కెరీర్ చూడండి. రెగ్యులర్ సీజన్‌లో బ్యాటింగ్ యావరేజ్ (క్రికెట్లోలా రన్‌ల సగటు కాదు, కొట్టే అవకాశాల్లో ఎన్నో వంతు హిట్లయ్యాయన్నది) 0.286. సీజన్ అయ్యాక అక్టోబరులో జరిగే నాకౌట్ సిరీస్‌లు, అంటే ప్లేఆఫ్స్, అన్నీ కలిపి 85 మ్యాచ్‌ల్లో 0.289. హోమ్ రన్‌లు, డబుల్స్ బలం చూపే స్లగ్గింగ్ అయితే మామూలు సీజన్‌లో 0.552, ప్లేఆఫ్స్‌లో 0.543. అంటే అక్టోబరులో ఓర్టిజ్ వేరే మనిషి కాలేదు. ఏప్రిల్‌లో ఎంత గొప్ప బ్యాటరో అక్టోబరులోనూ అంతే. ప్లేఆఫ్స్‌లో ఎదురయ్యేది మంచి జట్ల మంచి పిచర్లు కాబట్టి, అక్కడ అదే స్థాయి నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు. కానీ అది ‘ఒత్తిడిలో ఇంకా పైకి లేచాడు’ అనే కథ మాత్రం కాదు.

2013 ఇంకా బాగా చెప్తుంది. డెట్రాయిట్‌తో లీగ్ ఫైనల్ రెండో మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్, 5–1తో వెనకబడి ఉన్నారు, బేస్‌లు నిండి ఉన్నాయి. వొఆకిన్ బెన్వా వేసిన మొదటి బంతికే గ్రాండ్ స్లామ్, ఒక్క దెబ్బకి నాలుగు రన్‌లు. దాన్ని పట్టుకోబోయి టోరీ హంటర్ గోడ మీదుగా అవతలికి తలకిందులుగా పడ్డాడు. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు, రెండు కాళ్లూ గాల్లో, పక్కనే చేతులెత్తిన పోలీసు. ఆ సిరీస్ అంటే అందరికీ గుర్తున్నది ఆ ఒక్క దృశ్యమే. ఆ సిరీస్ మొత్తంలో ఓర్టిజ్ 22 సార్లకి కొట్టిన హిట్లు రెండే. ఒకటి ఈ గ్రాండ్ స్లామ్. మిగతా 20 సార్లు అవుటయ్యాడు, అవి ఎవరికీ గుర్తు లేవు. వెంటనే తర్వాతి వారం వరల్డ్ సిరీస్‌లో 16కి 11 కొట్టాడు, అంటే 0.688. ఒకే మనిషి, ఒకే నెల, ఒత్తిడి చూస్తే రెండో వారంలోనే ఎక్కువ. 22కి 2, తర్వాత 16కి 11. దీన్ని గుణం అనాలా, చిన్న లెక్కల్లో వచ్చే ఊగిసలాట అనాలా?

ఇక్కడ ఆ ఊగిసలాట ఎంత ఉంటుందో ఒకసారి కాగితం మీద చూద్దాం. ఈ సమాధానంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

ఒక రెగ్యులర్ బ్యాటర్‌కి సీజన్‌లో సుమారు 600 టర్న్‌లు, అంటే బ్యాటింగ్ అవకాశాలు, వస్తాయి. వాటిలో మ్యాచ్ నిజంగా అటో ఇటో అయ్యేవి పదో వంతు అనుకోండి, 60. వాడి ఆన్‌బేస్ 0.330 అనుకోండి, అంటే ప్రతి మూడు టర్న్‌లకి ఒకసారి ఏదో ఒక రకంగా బేస్ చేరతాడు. 60 టర్న్‌లలో 20 సార్లు చేరాలి. కానీ నాణెం వంద సార్లు ఎగరేస్తే సరిగ్గా యాభై బొమ్మలే పడవు కదా? అలాగే ఈ 20 కూడా, ఆటగాడిలో ఏ మార్పూ లేకుండానే, 16కీ 24కీ మధ్య ఊగుతుంది. ఆ హద్దులు దాటినా పెద్ద వింతేమీ కాదు. 16 సార్లు చేరితే 0.267, పేపర్లో ‘కీలక సమయంలో చేతులెత్తేశాడు’ అని రాస్తారు. 24 సార్లు చేరితే 0.400, ‘ఆపద్బాంధవుడు’ అంటారు. ఇద్దరూ ఒకే బ్యాటర్. 20 నుంచి తేడా అటో ఇటో నాలుగు టర్న్‌లు. ఆ నాలుగింటిలో ఒకటి షార్ట్‌స్టాప్ గ్లవ్ అంచున తగిలి జారినది, ఇంకోటి గాలికి గోడ దాటినది.

పైగా లీగులో వందల మంది బ్యాటర్లు ఉన్నారు. వెయ్యి మంది చేత పదేసి సార్లు నాణెం ఎగరేయిస్తే ఎవరో ఒకరికి వరసగా పది బొమ్మలు పడే అవకాశం బాగానే ఉంది. ఆ ఒక్కణ్ణి స్టేజీ ఎక్కించి ‘ఎలా వేస్తారండీ?’ అని అడిగితే ఆయన కూడా నిజాయితీగా ఏదో ఒక కారణం చెప్తాడు.

అందుకే చూడాల్సింది ఒక ఏడాది జాబితాను కాదు, ఈ ఏడాది జాబితాలో పైన ఉన్నవాళ్లు వచ్చే ఏడాది కూడా పైనే ఉన్నారా అన్నది. ఈ పని మొదట గట్టిగా చేసినవాడు బేస్‌బాల్ లెక్కల పరిశోధకుడు డిక్ క్రేమర్. 1977లో. మిల్స్ సోదరులు 1969, 1970 సీజన్లకి ప్రతి టర్న్‌నీ గెలుపు అవకాశం ఎంత మార్చిందో లెక్కకట్టి పెట్టారు. క్రేమర్ ఆ రెండేళ్లనీ పక్కపక్కన పెట్టి చూశాడు. 1969లో క్లచ్ అనిపించుకున్నవాళ్లకీ 1970లో క్లచ్ అనిపించుకున్నవాళ్లకీ సంబంధమే కనిపించలేదు. మంచి బ్యాటర్లు మాత్రం రెండేళ్లూ మంచి బ్యాటర్లే. మీ ఆఫీసులో రెండో ఆయన మాట ఆ రోజుల నుంచి వస్తున్నదే.

అయితే ఆ రెండో ఆయన మాటకీ ఒక దెబ్బ ఉంది. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత బిల్ జేమ్స్, ఈ లెక్కల ఉద్యమానికి పెద్దదిక్కు లాంటి మనిషి, ఒక అభ్యంతరం లేవనెత్తాడు. క్లచ్ లెక్క అంటే ఊగే సంఖ్య నుంచి ఊగే సంఖ్యను తీసేయడం. అలా రెండేళ్లు తీసి పోలిస్తే, అక్కడ నిజంగా ఏదైనా చిన్న గుణం ఉన్నా అది బయటపడదు. పొగమంచులో ఎవరూ కనిపించలేదంటే ఎవరూ లేరని అర్థం కాదు అన్నాడు. మాది కృష్ణా జిల్లా. ధనుర్మాసంలో తెల్లవారుజామున పంట కాలవ గట్టు మీద పది అడుగుల దూరంలో సైకిల్ మీద వచ్చే పాలాయన కూడా కనిపించేవాడు కాదు, బెల్లు మాత్రం వినిపించేది. ఆ అభ్యంతరం చదవగానే నాకు అదే గుర్తొచ్చింది, ఒప్పుకోక తప్పలేదు.

మరి మంచు విడిపోయాక ఏం కనిపించింది? 2006లో టామ్ టాంగో, మిచెల్ లిచ్ట్‌మన్, ఆండ్రూ డాల్ఫిన్ చాలా ఏళ్ల డేటా కలిపి చూస్తే, ఏదో ఉంది. ప్రతి ఆరుగురిలో ఒకరికి ఒత్తిడిలో ఆన్‌బేస్ 0.008 లేదా అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది, ఇంచుమించు అంతే మందికి అంత తగ్గుతుంది. కాబట్టి ‘అసలు లేనే లేదు’ అనేవాళ్లు కూడా కొంచెం ఆగాలి.

కానీ ఆ 0.008 అంటే ఎంత? వెయ్యి టర్న్‌లకి ఎనిమిది. ఏడాదికి 60 కీలకమైన టర్న్‌లు అనుకున్నాం కదా, అంటే ఏడాది మొత్తానికి అర టర్న్. రెండేళ్లకి ఒక్కసారి అదనంగా బేస్ చేరడం. మరోవైపు 60 టర్న్‌లలో అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాట 0.060. వినిపించాల్సిన మాట ఎనిమిది, చుట్టూ గోల అరవై. ఆ రెండూ సమానం కావాలంటే ఒక్కో బ్యాటర్‌కి దాదాపు 3,500 కీలకమైన టర్న్‌లు కావాలి. ఏడాదికి 60 చొప్పున యాభై ఏళ్లకు పైగా ఆడాలి. అందుకే ఆ గుణం కొందరిలో ఉందని చెప్పగలం గానీ, వేలెత్తి ‘వీడిలో ఉంది’ అని చూపించలేం. నేను దీని దగ్గర చాలాకాలం ఆగిపోయాను. ఉందని తెలిసీ ఎవరిలో ఉందో తెలియకపోవడం మనసుకి అంత తేలిగ్గా నచ్చే విషయం కాదు.

ఇప్పుడు కారణం. ఎందుకు ఇంత తక్కువ? మనకి అనుభవంలో టెన్షన్ అంటే ఏంటో తెలుసు. ఇంటర్వ్యూలో గొంతు ఎండిపోవడం తెలుసు. కొందరు తట్టుకుంటారు, కొందరు తట్టుకోలేరు. మరి బ్యాటర్లలో ఆ తేడా ఏమైంది?

నా ఉద్దేశం, అది జల్లెడలో కిందికి జారిపోయింది. మేజర్ లీగ్‌లో ప్లేట్ దగ్గర నిలబడ్డ ప్రతివాడూ హైస్కూల్, తర్వాత కాలేజీయో రూకీ లీగో, సింగిల్ ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అనే కింది స్థాయి లీగులు దాటి వచ్చాడు. ప్రతి మెట్టు మీదా ఆ ఒక్క రోజు ఆటగాళ్లని ఎంచే స్కౌట్ చూస్తున్నాడు, ఆ ఒక్క నెల బాగా ఆడకపోతే బస్సెక్కి ఇంటికెళ్లాలి. ఒత్తిడికి చేతులు బిగుసుకుపోయేవాళ్లలో ఎక్కువమంది అక్కడికే రారు. మిగిలినవాళ్లందరూ ఒత్తిడిలో ఇంచుమించు ఒకలాంటివాళ్లే. పైగా 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే బంతికి దాదాపు 0.4 సెకను పడుతుంది. అందులో సగం కూడా ఆలోచనకి మిగలదు. ‘ఇప్పుడు ఇంకా గట్టిగా ప్రయత్నిద్దాం’ అనుకునే చోటే లేదు అక్కడ.

నిజానికి ఎక్కువ ప్రయత్నమే చెడగొడుతుందని చెప్పే పని కూడా ఉంది. రాబ్ గ్రే అనే పరిశోధకుడు 2004లో ప్రచురించిన ప్రయోగాల్లో, కంప్యూటర్ తెర మీద వచ్చే బంతుల్ని బ్యాటర్ల చేత కొట్టించాడు. అనుభవం ఉన్నవాళ్లు తమ బ్యాట్ ఎటు కదులుతోందో గమనించడం మొదలుపెట్టగానే ఆట పాడైంది. ఒత్తిడి పెడితే వాళ్ల దృష్టి సరిగ్గా అటే పోయింది. సైకిల్ తొక్కేటప్పుడు కాళ్ల గురించి ఆలోచిస్తే తూలినట్టు.

కాబట్టి ఒత్తిడి మనిషిని పైకి లేపుతుందనడానికి కన్నా, విరగ్గొడుతుందనడానికి సాక్ష్యం గట్టిది. 2000 ప్లేఆఫ్స్‌లో సెయింట్ లూయిస్ కుర్రాడు రిక్ యాంకీల్, 21 ఏళ్లు, ఆ ఏడాది అద్భుతంగా వేస్తున్నవాడు, అట్లాంటా మీద మూడో ఇన్నింగ్స్‌లో ఐదు వైల్డ్ పిచ్‌లు, అంటే వెనకున్న క్యాచర్‌కి కూడా అందని బంతులు, వేశాడు. బంతి ఎక్కడికి పోతుందో అతనికే తెలియలేదు. పిచర్‌గా మళ్లీ ఆ స్థాయికి రాలేదు. ఏడేళ్ల తర్వాత అవుట్‌ఫీల్డర్‌గా, బ్యాటర్‌గా తిరిగొచ్చాడు, ఆ పట్టుదల గురించి వేరే రాయాలి. చక్ నాబ్లాక్ అనే యాంకీస్ సెకండ్ బేస్‌మన్‌కి పక్కనే ఉన్న ఫస్ట్ బేస్‌కి విసరడమే కష్టమైపోయింది. ఇవి భ్రమలు కావు. భయం లేదని నేను అనడం లేదు. మేజర్ లీగ్ బ్యాటర్లలో దాని వల్ల వచ్చే తేడాలు, మనం కథల్లో చెప్పుకునేంత ఉండవంటున్నాను.

కథల మాట వచ్చింది కాబట్టి ఎలెక్స్ రోడ్రిగెజ్. యాంకీస్ అభిమానిగా ఇది రాయడం నాకు బాకీ. 2006లో డెట్రాయిట్‌తో సిరీస్‌లో 14కి 1. చివరి మ్యాచ్‌లో అంతటి బ్యాటర్‌ని ఎనిమిదో స్థానానికి దింపారు. వెన్నెముక లేదన్నారు, అక్టోబరు అంటే వణుకన్నారు, స్టేడియంలో నేనూ అరిచాను. 2009 అక్టోబరులో అదే మనిషి 15 మ్యాచ్‌ల్లో 0.365, ఆరు హోమ్ రన్‌లు, 18 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకి వచ్చిన రన్‌లు). మిన్నెసోటా మీద తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జో నేథన్‌ని కొట్టి సమం చేశాడు. ఏంజెల్స్ మీద 11వ ఇన్నింగ్స్‌లో బ్రయన్ ఫ్యుయెంటెస్‌ని కొట్టి మళ్లీ సమం. అంతకుముందు బ్యారీ బాండ్స్‌దీ అదే కథ. 2002కి ముందు ప్లేఆఫ్స్‌లో 27 మ్యాచ్‌లకి 0.196. 2002లో ఒక్క అక్టోబరులోనే ఎనిమిది హోమ్ రన్‌లు. వాళ్ల స్వభావం మారిందా? టర్న్‌లు పెరిగాయి, లెక్క తన చోటికి తాను వచ్చింది.

రెండో వైపు యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్. ‘మిస్టర్ నవంబర్’ అని పేరు. రెగ్యులర్ సీజన్ 0.310. ప్లేఆఫ్స్‌లో 158 మ్యాచ్‌లు, అంటే దాదాపు ఒక పూర్తి సీజన్ ఆడితే వచ్చింది 0.308. తగినన్ని టర్న్‌లు దొరికితే ఆటగాడు తనలాగే ఉంటాడనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. ‘మిస్టర్ అక్టోబర్’ రెజ్జీ జాక్సన్ 1977 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో ముగ్గురు పిచర్ల మీద మూడు వరస స్వింగులకి మూడు హోమ్ రన్‌లు కొట్టాడు. వరల్డ్ సిరీస్‌ల్లో ఆయన యావరేజ్ 0.357. దానికి ముందు జరిగే లీగ్ ఫైనల్స్‌లో 0.227. అవీ అక్టోబరులోనే జరుగుతాయి, ఓడితే ఇంటికే. పేరు మాత్రం ఒక్క సంఖ్యనే తీసుకుంది.

ఇప్పుడు మా ఊరి లీగు విషయం, ఎందుకంటే నా అభిప్రాయం నిజంగా మారింది అక్కడే. పిల్లల మ్యాచ్‌లు ఆరు ఇన్నింగ్స్‌లే. ప్రతి బ్యాటర్ గడిలో చిన్న డైమండ్ గీసి ఉంటుంది, ఎంతవరకు చేరితే అంతవరకు గీత దిద్దాలి. రెండు సీజన్ల పాటు నేను ఒక పని అదనంగా చేశాను. చివరి రెండు ఇన్నింగ్స్‌లు, తేడా ఒక్క రన్ లోపు ఉంటే, ఆ గడి మూలన ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టేవాణ్ణి. జట్టులో ఒకడికి ధైర్యవంతుడని పేరు. ఇంకొకడికి, సన్నగా, హెల్మెట్ కళ్ల మీదికి జారుతుండేవాడు, వాడికి పిరికివాడని. రెండో ఏడాది చివర ఎర్ర చుక్కలన్నీ లెక్కపెట్టాను. మొదటివాడు 14 టర్న్‌లలో 6 సార్లు బేస్ చేరాడు. రెండోవాడు 13లో 6. తేడా లేదు. కానీ మొదటివాడి ఆరింటిలో ఒకటి ఫైనల్లో పడింది. రెండోవాడి ఏడు అవుట్లలో ఒకటి సెమీఫైనల్ చివరి అవుట్, బ్యాట్ ఊపకుండా బంతిని చూస్తూ నిలబడిపోయాడు. వాళ్ల నాన్నతో సహా అందరికీ గుర్తున్నది అదొక్కటే. మరుసటి ఏడాది కోచ్ వాణ్ణి బ్యాటింగ్ ఆర్డర్‌లో చివరికి తోశాడు. నేను పుస్తకం తీసుకెళ్లి చూపించాను. ‘మీ చుక్కలు సరే, నేను వాడి ముఖం చూశాను కదా’ అన్నాడు. ఆ పిల్లవాడు తర్వాతి సీజన్ ఆడలేదు. అందుకే ఈ ప్రశ్న నాకు టీవీ ముందు కాలక్షేపం కాదు.

మీరు అడిగిన క్రికెట్ పోలిక మీద కూడా ఒక మాట. 2010 మొహాలీలో మన హైదరాబాద్ లక్ష్మణ్ వెన్ను నొప్పితో, 216 లక్ష్యానికి 124కి 8 వికెట్లు పడ్డాక, ఇషాంత్‌ని పెట్టుకుని 73 నాటౌట్‌తో ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. అది చూసినవాళ్లకి క్లచ్ లేదంటే కోపం రావడం సహజం. కానీ క్రికెట్లో ఛేజింగ్ అంటే గంటల తరబడి తీసుకునే నిర్ణయాలు. ఎవరికి స్ట్రైక్ ఇవ్వాలి, ఏ బౌలర్‌ని వదిలేయాలి, ఎప్పుడు గేర్ మార్చాలి. ఆ లెక్క తెలియడం నిజంగా ఒక నైపుణ్యం. నేర్చుకోవచ్చు, కొందరికి ఎక్కువ ఉంటుంది. బేస్‌బాల్ బ్యాటర్‌కి ఆ వెసులుబాటు లేదు. వరస ప్రకారం టర్న్ వస్తుంది, నాలుగైదు బంతుల్లో అయిపోతుంది. కాబట్టి ధోనీ విషయంలో మీ నమ్మకాన్ని ఇక్కడి లెక్కలతో వదులుకోనక్కర్లేదు. అక్కడి నమ్మకాన్ని ఇక్కడికి మోసుకురావద్దు, అంతే.

పిచర్ల సంగతి వచ్చేసరికి నేను కొంచెం మెత్తబడతాను. పిచర్ తన బలాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో ఎంచుకోగలడు. 2014 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో మాడిసన్ బమ్‌గార్నర్ రెండే రోజుల విశ్రాంతితో వచ్చి ఐదు ఇన్నింగ్స్‌లు రన్ ఇవ్వకుండా వేశాడు. రేపు మ్యాచ్ లేదని తెలిసి ఉన్నదంతా పెట్టేయడం ఏప్రిల్‌లో ఎవరూ చేయరు. యాంకీస్ క్లోజర్ (ఆధిక్యాన్ని కాపాడడానికి చివర్లో వచ్చే పిచర్) మరియానో రివేరా ప్లేఆఫ్స్‌లో 141 ఇన్నింగ్స్‌లకి ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లకి ఇచ్చిన రన్‌ల సగటు, 0.70. రెగ్యులర్ సీజన్‌లో 2.21. ఆ తేడా చూసి నేను భ్రమ అని కొట్టిపారేయలేను. అదే రివేరా చేతిలో 2001 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ జారింది, 2004లో నాలుగో మ్యాచ్ జారింది, ఆ జారడం వల్లే ఓర్టిజ్‌కి 12వ ఇన్నింగ్స్‌లో టర్న్ వచ్చింది.

ఇంకో జాగ్రత్త, మీ ఆఫీసు వాదనలో పనికొస్తుంది. ‘రన్నర్లు స్కోరింగ్ పొజిషన్‌లో (రెండో, మూడో బేస్ మీద) ఉన్నప్పుడు యావరేజ్’ అని టీవీలో వేస్తుంటారు. దాన్ని చూసి తీర్పు చెప్పకండి. రన్నర్లు ఎక్కారంటేనే ఆ పిచర్‌కి ఆ రోజు బాగాలేదని అర్థం. బ్యాటర్ పైకి కొట్టిన బంతి క్యాచ్ అయినా మూడో బేస్ మీదున్నవాడు రన్ చేసేస్తే అది సాక్రిఫైస్ ఫ్లై, యావరేజ్‌లో అవుట్‌గా లెక్కకి రాదు. మరోవైపు తొమ్మిదో ఇన్నింగ్స్ లెక్కల్లో ఎదురయ్యేది క్లోజర్లు, కాబట్టి అక్కడ అందరివీ తగ్గుతాయి. 2013లో సెయింట్ లూయిస్ జట్టంతా కలిసి ఆ సంఖ్య 0.330 తెచ్చింది, మామూలుగా వాళ్ల యావరేజ్ 0.269. రహస్యమేదో కనిపెట్టారని చాలా రాశారు. 2014లో ఆ రహస్యం కనిపించలేదు.

ఇంత చెప్పాక, ‘అయితే కిర్క్ గిబ్సన్ కూడా అదృష్టమేనా?’ అని మీ మొదటి మిత్రుడు అడుగుతారు. 1988 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, ఒక్క రన్ వెనక. రెండు కాళ్లకీ దెబ్బలు, సరిగ్గా నడవలేకపోతున్నాడు. ఎదురుగా ఆ ఏడాది 45 సేవ్‌లు చేసిన, అంటే అన్నిసార్లు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన, డెనిస్ ఎకర్స్‌లీ. మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్ (ఇంకొక్క స్ట్రైక్ పడితే అవుట్) దాకా లాగి, స్లైడర్‌ని దాదాపు చేతుల బలంతోనే స్టాండ్స్‌లోకి పంపాడు. ఆ సిరీస్‌లో అతనికి వచ్చింది ఆ ఒక్క టర్నే. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. సెకండ్ బేస్ దాటుతూ మోచెయ్యి వెనక్కి లాగి పిడికిలి బిగిస్తాడు, అక్కడ ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది. గిబ్సన్ ఆ రోజు చేసింది అక్షరాలా జరిగింది. దాని విలువ తగ్గడానికి, అతను ఇంకో వెయ్యి సార్లు అదే చేయగలడా అన్న ప్రశ్నతో పని లేదు. అది ‘కొట్టాడు’. మీ మిత్రుడికి ఆ ఒక్క మాట ఇచ్చేయండి, మనస్ఫూర్తిగా.

రెండో ఆయనకి ఇవ్వాల్సింది: ఎవరిని పంపాలి అన్న దగ్గర ఎప్పుడూ మంచి బ్యాటర్‌నే పంపాలి, పేరున్న క్లచ్ ఆటగాణ్ణి కాదు. మంచి బ్యాటర్‌కీ మామూలు బ్యాటర్‌కీ ఆన్‌బేస్‌లో 0.040 తేడా ఉండడం సాధారణం. దాని ముందు 0.008 ఎంత?

మీకే తేల్చుకోవాలనిపిస్తే ఈ అక్టోబరులో ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏడో ఇన్నింగ్స్ నుంచి, తేడా రెండు రన్‌ల లోపు ఉంటే, ప్రతి బ్యాటర్ ప్లేట్ దగ్గరికి వచ్చేలోగా పేరు పక్కన ‘కొడతాడు’ అనో ‘కొట్టడు’ అనో రాయండి. మొదటి బంతి పడకముందే రాయాలి. సిరీస్ అయ్యాక లెక్కపెట్టండి. 2009లో నేను ఇదే చేశాను. నేథన్ బంతికి ముందూ, ఫ్యుయెంటెస్ బంతికి ముందూ, రోడ్రిగెజ్ పేరు పక్కన నా చేతిరాతలో ‘కొట్టడు’ అనే ఉంది. పెన్సిల్ వాడకండి, పెన్నుతో రాయండి. తర్వాత చెరపాలనిపిస్తుంది.